సీటు దించుకుంటే సరిపోతుంది

పాలవ్యానుని గుద్దుకుని, మోకాలు దోక్కుపోయి, తల నుంచి కాలిదాకా తడిసి ఇంటికొచ్చిన కోడల్ని చూసి అత్తగారు అడిగిన మొదటి మాట, "అయితే పాలు తెచ్చావా?"

తేలేదు. వ్యానతను తిట్టిన తిట్లు మాత్రం తెచ్చింది. అవి ఇంట్లో చెప్పదగ్గవి కావు కాబట్టి గుమ్మం బయటే మింగేసింది. జరిగింది ఇంతే. సన్నగా జల్లు పడుతోంది, రోడ్డు నున్నగా మెరుస్తోంది, మలుపులో వ్యాను ఆగి ఉంది. ఆమె బ్రేకు నొక్కింది. బ్రేకులోని రబ్బరు ముక్కలు తడిసిన చక్రాన్ని పట్టుకోవడానికి ఎందుకో మొహమాటపడ్డాయి. సైకిలు తాపీగా, ఎవర్నీ అడక్కుండా వెళ్ళి పాలట్రేల్లో తలదూర్చింది. ఆరేడు ప్యాకెట్లు పగిలి, వానలో పాలు, పాలల్లో ఆమె.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల షాపులో. అక్కడ అందరూ ఆమెని మిల్లీమీటరమ్మ అంటారు. వచ్చినవాళ్ళ ముక్కు మీద చిన్న స్కేలు పెట్టి రెండు కంటిపాపల మధ్య దూరం కొలవడం ఆమె పని. అందులో కాస్త తేడా వచ్చినా సాయంత్రానికి తలనొప్పి పుడుతుంది, మర్నాడు ఆ మనిషి షాపుకొచ్చి కేకలేస్తాడు. ఆ కేకలు పడేది ఆమె. కొలత చక్కగా కుదిరి, "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ లోకం!" అని ఎవరైనా అంటే మాత్రం, "మా దగ్గర అంతే సార్" అని కౌంటరు వెనకనుంచి మురిసిపోయేది ఓనరు. షాపులో ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు కోసేదీ, తర్వాత ప్లేట్లు కడిగేదీ కూడా మిల్లీమీటరమ్మే. "మీరైతే ముక్కలన్నీ సమానంగా కోస్తారు" అంటాడు ఓనరు, అదేదో బిరుదు ఇస్తున్నట్టు. అన్ని ముక్కలూ సమానంగా కోసిన మనిషికి చివర్లో మిగిలేది కత్తికి అంటుకున్న క్రీమే.

ఇక సైకిలు సంగతి. అది ఆడపడుచుది. ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోతూ బాల్కనీలో వదిలేసింది. ఎండాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున మెలకువొచ్చి, మళ్ళీ నిద్రపట్టక, మిల్లీమీటరమ్మ దాని దుమ్ము తుడిచి కిందికి దింపింది. అంతే, ఆ రోజునుంచి రోజూ గంటసేపు. ఇంట్లోవాళ్ళు లేచేలోపు చెరువుగట్టు దాటి, పాత రైలుగేటు దాకా పోయి వెనక్కి వచ్చేసేది. నిజం చెప్పొద్దూ, ఆ గంటలో ఆమె గొప్ప ఆలోచనలేవీ చెయ్యలేదు. ఏమీ ఆలోచించలేదు, అదే ఆ గంటలోని సుఖం. 'నా నీలం చొక్కా ఏది?' అని రైలుగేటు అడగదు. 'అమ్మా, నా చార్జర్ చూశావా?' అని చెట్లు అడగవు. పొద్దున్న ఆ గంట ఉందన్న ధైర్యంతోనే మిగిలిన రోజంతా అందరికీ వెతికిపెట్టేది.

చలికాలంతో వచ్చింది తంటా. చలికాలంలో సూర్యుడు కూడా దుప్పటి తీయడానికి బద్ధకిస్తాడు కదా. తెల్లారడం ఆలస్యమయ్యేకొద్దీ ఆమె గంట కూడా జరిగి జరిగి చివరికి సరిగ్గా భర్త టీవేళ మీదికొచ్చి కూర్చుంది. అందుకే పాలవ్యాను కబురు విన్న భర్త, బీమా కంపెనీలో పనిచేసే మనిషి కాబట్టి, ముందు ప్రమాదం గురించి మాట్లాడాడు. తడి రోడ్లు, మంచు, ఎముకలు, ఆస్పత్రి, అన్నీ చెప్పి ఆఖర్న అసలు సంగతికి వచ్చాడు.

"ఈ చలికాలానికి మానెయ్యవోయ్. ఎండలొచ్చాక చూద్దాం. పొద్దున్నే టీ చుక్క లేక నాకు తల దిమ్ముగా ఉంటోంది కూడా."

'ఎండలొచ్చాక చూద్దాం' అన్న మాట ఎంత లోతైన గొయ్యో ఆమెకి తెలుసు. ఒకప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు తలుపేసుకుని పుస్తకం చదువుకునేది. కూతురికి గవదబిళ్ళలొస్తే కొన్నాళ్ళు మానేసింది. పిల్లకి తగ్గాక పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళి చూస్తే, అక్కడ ఇస్త్రీబల్ల నిలబడి ఉంది. దాని మీద వారానికి సరిపడా బట్టలు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరికీ తెలీదు. ఈ ఇంట్లో ఆమె ఖాళీ చేసిన వేళ ఒక్కనాడూ ఖాళీగా ఉండలేదు. ఈ గంట కూడా పోతే ఇక తనకంటూ ఏమీ మిగలదని ఆమెకి భయమేసింది. మోకాలి మంట కన్నా ఆ భయమే ఎక్కువ మండింది.

"మానను. కొత్త సైకిలు కొనుక్కుంటాను, నా జీతంలోంచి. వానలో కూడా ఆగేది."

ఆ మాట అని ఆమె ఊరుకుంది గానీ, ఇల్లు ఊరుకోలేదు. ఆ సాయంత్రం నుంచి భోజనాల బల్ల దగ్గర సైకిలు సభ మొదలైంది. పదేళ్ళుగా సైకిలు మొహం చూడని భర్త రెండు రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి పండితుడైపోయాడు. చలికాలానికి అల్యూమినియం ఫ్రేము మంచిదిట, వానకి తుప్పు పట్టదుట, కార్బనుదైతే గీత పడ్డప్పుడల్లా గుండె ఆగుతుందిట. డిస్కు బ్రేకైతే చక్రం మధ్యలో ఉన్న బిళ్ళని పట్టుకుంటుందిట, అంచు ఎంత తడిసినా దానికి లెక్కలేదుట. ఇవన్నీ పదిరోజుల క్రితం, పాత సైకిలు బ్రేకులు జారుతున్నాయంటూ, ఆమే ఆయనకి చెప్పింది. ఇప్పుడు ఆయన నోటినుంచి వచ్చేసరికి అందరూ చెవులప్పగించి విన్నారు.

"అల్యూమినియమా? కిందపడితే సొట్టపోదుట్రా, గిన్నెలా?" అంది అత్తగారు.

"గిన్నెలకి వాడేది వేరమ్మా. ఇది విమానాలకి వాడేది."

"విమానమైనా సరే, ముందు బుట్ట ఉండాలి. వచ్చేటప్పుడు పాలూ కూరలూ పడేసుకురావచ్చు. వెనక క్యారియర్ ఉంటే బియ్యం బస్తా కూడా. అమ్మాయికే కదా సుఖం."

"స్టాండు కావాలి, తాళం కావాలి" అన్నాడు భర్త.

పదో తరగతి చదివే కూతురు ఫోన్లోంచి తలెత్తకుండానే, "అమ్మా, ఆ టైటు నిక్కరు మాత్రం వేసుకోకు ప్లీజ్. మా స్కూలు బస్సు అటే వెళ్తుంది" అంది.

అలా రోడ్డు మీద గాలిలా పోవాల్సిన సైకిలు మూడు రోజుల్లో తోపుడుబండి అయి కూర్చుంది. అందరి నోటా ఒకటే మాట, 'నీకోసమే'. ఈ ఇంట్లో ఆమె కోసం కొన్నవి చాలానే ఉన్నాయి. మిక్సీ ఆమె కోసం, వాషింగ్ మెషీన్ ఆమె కోసం, పెళ్ళిరోజుకి వచ్చిన నేల తుడిచే కర్ర కూడా ఆమె కోసమే. వంటగది బాగుచేయించినప్పుడు, "మీ ఆడవాళ్ళ కోసమే" అని గోడకి అల్మారా కూడా పెట్టించాడు భర్త. ఎంత ఎత్తులో పెట్టమంటారని వడ్రంగి అడిగితే, తను నిటారుగా నిలబడి, చెయ్యి చాపి, "ఇదిగో, ఇక్కడ" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ అల్మారా తలుపు తీసిన పాపాన పోలేదు. అత్తాకోడళ్ళిద్దరిదీ ఒకటే ఎత్తు, అంటే ఒకటే పొట్టి. టీపొడికీ ఉప్పుకీ కూడా స్టూలెక్కుతారు. అత్తగారు రెండుసార్లు పడింది. "స్టూలు జాగ్రత్తగా వేసుకుంటే సరిపోతుంది కదమ్మా" అన్నాడు కొడుకు.

ఆదివారం మొగుడూ పెళ్ళాం సైకిలు షాపుకి వెళ్ళారు. షాపాయన భర్తకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆమెకి కుర్చీ వేశాడు. కుర్చీ వేశాడంటే మర్యాద అనుకుంటాం గానీ, కూర్చోబెట్టేస్తే ఇక మాటల్లోకి రాదని వేసే కుర్చీలు కొన్నుంటాయి. కార్బన్ మంచిదా అల్యూమినియం మంచిదా అని మగవాళ్ళిద్దరూ తెగ చర్చించుకున్నారు. తర్వాత షాపాయన టేపు తీసి, "బూట్లు విప్పి గోడకి ఆనుకోండి సార్" అన్నాడు. భర్త బుద్ధిగా బూట్లు విప్పాడు. కోటూ ఫోనూ టోపీ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. షాపాయన మోకాళ్ళ మీద కూర్చుని నేల నుంచి తొడదాకా ఆయన కాళ్ళు కొలిచాడు. రోజంతా మనుషుల్ని కొలిచే మిల్లీమీటరమ్మ ఆ టేపుని చూసింది, ఆ కాళ్ళని చూసింది, తన కాళ్ళని చూసుకుంది.

"ఆగండాగండి. సైకిలు నాకు కదా, ఈయన కాళ్ళు కొలుస్తారేంటి?"

షాపాయన భర్త మొహం చూశాడు. భర్త నవ్వేశాడు. కపటం లేని నవ్వే, అదే వచ్చిన చిక్కు.

"ఒక వస్తువు కొంటే ఇంట్లో అందరికీ పనికిరావాలి కదోయ్. రేపు నేనూ తొక్కుతానేమో. నా సైజు తీసుకుంటే నువ్వు సీటు దించుకుంటే సరిపోతుంది. అదే నీ సైజు తీసుకున్నామనుకో, నేను సీటు ఎక్కడికని ఎత్తుకోను?"

సీటు దించి ఆమెని ఎక్కించారు. కాలి బొటనవేలు నేలని వెతుక్కుంది. హ్యాండిలు ఎక్కడో పక్కవీధిలో ఉన్నట్టుంది. దాన్ని అందుకోవడానికి వంగితే, బోర్లా పడుకుని మంచం కింద చెప్పుల కోసం తడుముకుంటున్నట్టుంది. నడుము కలుక్కుమంది.

"అలవాటైపోతుంది మేడమ్" అన్నాడు షాపాయన.

ఆమెకి ఆ మాటా కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో అమ్మ ఫోన్లో చెప్పింది, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓనరు చెప్పాడు. అలవాటు చేసుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. భర్త మాత్రం హుషారుగా బుట్ట, క్యారియర్, స్టాండు అన్నీ బిగించి ఉంచమని చెప్పి, వారంలో వచ్చి తీసుకెళ్తామన్నాడు. దారంతా సైకిళ్ళ గురించి ఆయనే మాట్లాడాడు.

మర్నాడు కళ్ళద్దాల షాపుకి ఒక పెద్దావిడ వచ్చింది, వెనకాలే ఆవిడ మొగుడు. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు కొసదాకా జారిపోతున్నాయి. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, తలనొప్పి వస్తోందని చెప్పింది, ఏదో తప్పు చేసినదానిలా.

మిల్లీమీటరమ్మ అద్దాలు తీసి చూసింది. ఫ్రేము వెడల్పాటిది, మగవాళ్ళది. "ఇది మీదేనా అమ్మా?"

"నాదేనండీ పాతది" అన్నాడు పెద్దాయన గర్వంగా. "రాయిలా ఉంది, పారేయడమెందుకని బయట ఎక్కడో ఆవిడ అద్దాలు దీంట్లో వేయించాను. తల కాస్త పైకెత్తి పెట్టుకుంటే సరిపోతుంది. ఎంత చెప్పినా వినదు."

"పైకెత్తే పెట్టుకుంటున్నానమ్మా, మెడ పట్టేసింది" అంది పెద్దావిడ.

మిల్లీమీటరమ్మ కొలిచింది. మళ్ళీ కొలిచింది. "అమ్మా, మీ మెడలో లోపం లేదు, మీరు పెట్టుకోవడంలో అంతకన్నా లేదు. ఈ ఫ్రేము మీ ముఖానిది కాదు. అంతే."

"అంతేనా?" అంది పెద్దావిడ. కోర్టులో నిర్దోషి అని తీర్పు వచ్చినట్టు ఆవిడ ముఖం విప్పారింది.

"అంతేనండీ" అంటుండగానే మిల్లీమీటరమ్మకి నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వు. స్కేలు పక్కన పెట్టి, లోపలికి పోయి, నీళ్ళకుండీ దగ్గర గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళోవాళ్ళందరికీ ఇంత తేలిగ్గా చెప్పే మాటని ఇన్నేళ్ళూ తనకి తను చెప్పుకోనందుకు తన మీద తనకే జాలేసింది.

సాయంత్రం షాపు మూయగానే ఇంటివైపు వెళ్ళే బస్సు వదిలేసి సైకిలు షాపులోకి నడిచింది.

"సార్ రాలేదా మేడమ్?"

"రాలేదు."

"మీ సైకిలు ఇంకా తయారవలేదే. సార్‌కి ఒక్కసారి ఫోన్ చేసి..."

"అది వద్దు. నా సైజుది చూపించండి."

"సార్ లేకుండా కొలతలెలా మేడమ్?"

"కాళ్ళు నేనే తెచ్చుకున్నానండీ. కొలవండి."

అతను కొలిచాడు. కొలిచి, బుర్ర గోక్కుని, "ఇంత చిన్న ఫ్రేము ఎవరూ అడగరని లోపల పడేశాం" అంటూ గోదాములోంచి ఒక ముదురాకుపచ్చ సైకిలు తోసుకొచ్చాడు. అల్యూమినియం, డిస్కు బ్రేకులు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, వానరోడ్డుని పట్టుకోవడానికి కాస్త లావుపాటి టైర్లు. ఆమె ఎక్కి కూర్చుంది. చేతులు చాపితే హ్యాండిలు అక్కడే ఉంది. వంగక్కర్లేదు, సాగక్కర్లేదు. ఎవరో ఆమె రాకకోసం ఎదురుచూసి చేసినట్టుంది. సందు చివరిదాకా తొక్కి, నీళ్ళగుంట ముందు బ్రేకు నొక్కింది. సైకిలు ఆగింది. నొక్కిన చోట, నొక్కినంతలో, మారుమాట్లాడకుండా ఆగింది. తను చెప్పిన మాట ఒకే ఒక్కసారికి విన్న వస్తువు జీవితంలో ఇదే మొదటిదని ఆమెకి అనిపించింది.

"వెనకాల క్యారియర్ బిగించే చిల్లులు కూడా ఉన్నాయి మేడమ్ దీనికి" అన్నాడు షాపాయన. "సార్ చెప్పిన బుట్టా క్యారియర్ ఇప్పుడే బిగించేస్తా."

"మడ్‌గార్డులు బిగించండి, బురద. లైట్లు బిగించండి, మంచు. ఒక గంట కూడా పెట్టండి. ఆ క్యారియర్ చిల్లులు మాత్రం మరలు పెట్టి మూసేయండి."

"మూసేయాలా? రేపు ఏదైనా మోసుకెళ్ళాల్సొస్తే?"

"అందుకే మూయమంటున్నాను."

ఇంట్లో భర్త సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. మోకాళ్ళు వచ్చి హ్యాండిలుకి కొట్టుకున్నాయి. పిల్లల సైకిలెక్కిన పోలీసులా ఉన్నాడని కూతురు పడీపడీ నవ్వింది.

"ఇదేంటోయ్, ఇది మనకి సరిపోదే!"

"మనకి సరిపోదండీ. నాకు సరిపోయింది."

"సీటు ఎత్తితే?"

"ఎత్తినా సరిపోదు. అడిగి మరీ తెలుసుకున్నాను."

ఆయన నొచ్చుకున్నాడు. "నాకొక్క మాట చెప్పాలనిపించలేదా? నీకోసం ఎన్ని వీడియోలు చూశాను!" అన్నాడు. పాపం, నిజంగానే చూశాడు. ఆమెకి జాలేసింది గానీ, ఆ జాలితో ఎప్పట్లా క్షమాపణ చెప్పబోయి, నోటిదాకా వచ్చిన మాటని ఆపేసింది. కొత్త బ్రేకులు బాగానే పనిచేస్తున్నాయి.

"బుట్ట లేదు, క్యారియర్ లేదు. ఎందుకిది మరి?" అని సణుక్కుంటూ అత్తగారు లోపలికి పోయింది.

భోజనాలయ్యాక గిన్నెలు తోముతుంటే బాల్కనీలోంచి 'టింగ్' అని గంట మోగింది. కూతురనుకుని తొంగిచూసిన మిల్లీమీటరమ్మ అక్కడే ఆగిపోయింది. గోడకి ఆనించిన సైకిలు మీద అత్తగారు. చీర మోకాళ్ళదాకా ఎగ్గట్టి, ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి హ్యాండిలు మీద. పక్కన వంటింటి స్టూలు.

దొరికిపోయిన దొంగలా నవ్విందావిడ. "ఎక్కడానికి స్టూలు వేసుకున్నానే. ఇప్పుడు చూడు, కాళ్ళు అందుతున్నాయి."

నిజమే. రెండు పాదాల మునివేళ్ళూ నేలకి ఆనుతున్నాయి.

"చిన్నప్పుడు మా తమ్ముడి సైకిలు దొంగతనంగా తొక్కేదాన్ని. సీటు అందదు కదా, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒళ్ళంతా వంకర చేసుకుని. మా నాన్న చూసి, 'వాడి సైకిలు వంకరపోతుంది, దిగవే' అన్నాడు. దిగిపోయాను."

"ఇప్పటిదాకా ఎక్కలేదా అత్తయ్యా?"

"స్టూలెక్కానుగా, రోజూ." ఆవిడ ఇంకోసారి గంట మోగించింది. "ఈ ఇంట్లో మన కొలతకి వచ్చిన వస్తువు ఇదొక్కటేనే అమ్మాయ్. పట్టుకో, దింపు నన్ను."

మర్నాడు తెల్లవారుతుంటే వాన. జల్లు కాదు, కుదురుగా కురిసే వాన. మిల్లీమీటరమ్మ వానకోటు వేసుకుంది, కూతురు వద్దన్న నిక్కరు వేసుకుంది, బూట్ల లేసులు బిగించింది. సైకిలు ఎత్తి భుజాన వేసుకుంటే తేలిగ్గా ఉంది. గడియ తీసిన చప్పుడుకి గదిలోంచి భర్త గొంతు వినిపించింది, దుప్పటి అడుగునుంచి.

"వానలో కూడానా? మరి నా టీ?"

ఒక్క క్షణం ఆమె చెయ్యి తలుపు మీదే ఆగింది. ఇస్త్రీబల్ల గుర్తొచ్చింది. ఇప్పుడు సైకిలు దించి, ఒక్క కప్పు టీ పెట్టి వెళ్తే ఏం పోయింది? ఏమీ పోదు, ఆ గంట తప్ప.

"టీపొడి పై అరలో ఉందండీ" అంది. "మీ కొలతకే పెట్టించారుగా. చెయ్యి చాస్తే అందుతుంది."

మెట్లు దిగుతుంటే ఇంట్లో చెప్పుల చప్పుడు, ఆవులింత, "అమ్మా, నువ్వైనా కాస్త..." అని గోముగా ఒక మాట, వెంటనే వంటింట్లోంచి అత్తగారి గొంతు ఖంగున వినిపించాయి.

"స్టూలు ఖాళీ లేదు నాయనా, నేను కూర్చున్నాను. నాకూ ఒక కప్పు పెట్టు."